మేం గుడ్డ దాచాం, మీరు కప్పు దాస్తున్నారు

మా రోజుల్లో బాలానగర్‌లో నెలసరి గుడ్డ ఉతికి ఆరెయ్యాలంటే పొద్దుగూకే దాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లలకు టైల్సు పరిచిన బాత్రూముంది, లోపల గడియ ఉంది, నల్లా తిప్పితే నీళ్ళున్నాయి. అయినా నెలసరి కప్పును మరిగించుకోవడానికి ఇంటిల్లిపాదీ నిద్రపోయే దాకా కాచుక్కూర్చుంటున్నారు. వస్తువు మారింది, పొయ్యి మారింది, ఊరే గుర్తుపట్టలేనట్టు మారింది. ఏ తప్పూ చేయకుండా దొంగల్లా తిరగడం మాత్రం ఆడవాళ్ళకు తప్పలేదు. నా గోలంతా దాని మీదే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ గోల చేశాను, రిటైరయ్యాకా మానలేదు.

నేను ఏఎన్ఎంగా పనిచేశాను. బస్తీల్లో నర్సమ్మ అని పిలిచేవాళ్ళు. మా ఆయన డై ఫిట్టరు. అప్పటి బాలానగర్ అంటే లేతు మిషన్ల చప్పుడు, కటింగ్ ఆయిల్ వాసన, గల్లీ పొడుగునా ఇనుప రజను. ఒక పక్క హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ, ఇంకో పక్క ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, నడుమ చిన్న చిన్న షెడ్లు. అచ్చులూ డైలూ చేసే విద్య నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను 1968లో ఇక్కడే పెట్టారు. శ్రీకాకుళం నుంచీ మెదక్ నుంచీ పాలమూరు నుంచీ బతకొచ్చిన కుటుంబాలు ఒంటిగది పోర్షన్లలో సర్దుకునేవి. నాలుగైదు పోర్షన్లకు కలిపి ఒక పాయిఖానా, ఒక నల్లా. ఆ నల్లా వచ్చిన వేళకు లేచి బిందె పెట్టుకోకపోతే ఆ రోజుకు అంతే సంగతులు.

ఊళ్ళలో మూడు రోజులు మూల కూర్చోబెట్టే ఆచారం ఆ ఒంటిగదుల్లో దానంతటదే పోయింది. కూర్చోడానికి మూల ఉంటే కదా! మొగుడు ఫస్ట్ షిఫ్టుకు పోవాలి, పిల్లలు బడికి పోవాలి, ఆమె మాత్రల ప్యాకింగుకో ప్లాస్టిక్ మౌల్డింగుకో పోవాలి. ఆమె ముట్టుకోకపోతే పొయ్యి ముట్టించేవాళ్ళు లేరు. ఎంతమంది పెద్దలు చెప్పినా పోని దూరాన్ని ఒక అద్దెగది పోగొట్టింది. కానీ గుడ్డ దాచడం పోలేదు, ఇంకా పెరిగింది. ఊళ్ళో అయితే పెరడుంటుంది, కంచె ఉంటుంది, చాటుంటుంది. ఇక్కడ దండెం కూడా నాలుగు ఇళ్ళదీ ఒకటే.

పాత నూలు చీర చింపి, మడతలు పెట్టి, నడుముకు కట్టిన నాడాకు ముందూ వెనకా దోపుకునేవాళ్ళం. గుడ్డను నేను తిట్టను. నూలు గుడ్డను సబ్బుతో ఉతికి, ఎర్రటి ఎండలో కరకరలాడేలా ఆరబెట్టి వాడితే ఏ జబ్బూ రాదని ఇవాళ్టికీ చెప్తాను. దానికి ఎండ చూపించనివ్వకపోవడమే మా ప్రాణానికొచ్చింది. దండెం మీద లంగా కింద దాచేవాళ్ళు. మంచం కింద పట్టెకు కట్టేవాళ్ళు. తలుపు వెనక మేకుకు వేలాడదీసి దాని మీద సంచి తగిలించేవాళ్ళు. వానాకాలంలో అది ఆరేది కాదు, ఆ చెమ్మ గుడ్డే మళ్ళీ పెట్టుకునేవాళ్ళు. తొడలు ఒరుసుకుపోయి నడవలేక నడిచి షిఫ్టుకు వెళ్ళిన వాళ్ళను నేనెరుగుదును. దురద, తెల్లబట్ట, వాసన. నా దగ్గరికొచ్చి మాత్రం, "నర్సమ్మా, నడుము గుంజుతాంది, గోలీ ఇయ్యి" అనేవాళ్ళు. తలుపేశాక గానీ అసలు సంగతి బయటికొచ్చేది కాదు. ఎండలో ఆరెయ్యమ్మా అంటే, "మగోళ్ళ కంట్ల పడితే మంచిది కాదట గద నర్సమ్మా" అనేవాళ్ళు. ఆ మాటకు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

తర్వాత ప్యాడ్లొచ్చాయి. కిరాణా కొట్టతను ప్యాకెట్టును న్యూస్‌పేపర్లో చుట్టి, ఆ పైన నల్ల కవర్లో పెట్టి ఇచ్చేవాడు. ఏదో నిషిద్ధ సరుకు అమ్ముతున్నట్టు అటూ ఇటూ చూసేవాడు. ఇప్పటికీ మా వీధిలో అలాగే ఇస్తున్నారు. ప్యాడ్ల వల్ల మేలు జరగలేదని నేననను. 2011లో కేంద్ర ప్రభుత్వం పల్లెల్లో ఆశా కార్యకర్తల చేత 6 రూపాయలకు 6 ప్యాడ్లు ఇప్పించింది. 2018లో తెలంగాణలో సర్కారు బడి ఆడపిల్లలకు హైజీన్ కిట్లిచ్చారు. 2021 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో స్వేచ్ఛ అని పేరు పెట్టి, 7 నుంచి 12వ తరగతి పిల్లలకు నెలకు 10 ప్యాడ్ల చొప్పున మొదలుపెట్టారు. ఆ నాలుగు రోజులూ బడి మానేసే పిల్లలు మానకుండా ఉన్నారంటే అంతకంటే కావలసిందేముంది.

కానీ ఇచ్చినవాళ్ళు ఎలా పెట్టుకోవాలో చెప్పారు గానీ, తీసింది ఎక్కడ పడెయ్యాలో గట్టిగా చెప్పలేదు. ప్యాడ్‌లో పైనా కిందా ప్లాస్టిక్, నడుమ తడి పీల్చే పొడి. మట్టిలో కలవదు, కాలిస్తే విషపు పొగ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో, ప్యాడ్లు చుట్టి పడెయ్యడానికి కవర్లు తయారీ కంపెనీలే ఇవ్వాలనీ, వాడినవాళ్ళు విడిగా చుట్టి ఇవ్వాలనీ రాశారు. మా వీధిలో చెత్త ఆటో వెనక నిలబడే అమ్మాయినడగండి, ఎంతమంది చుట్టి ఇస్తున్నారో చెప్తుంది. ఆమె ఉత్త చేతుల్తో ఏరుతుంది. కమోడ్లో వేసి నీళ్ళు కొట్టేసేవాళ్ళ పుణ్యాన మ్యాన్‌హోలు పొంగితే, దాన్ని తియ్యడానికి వచ్చేదీ మనిషే. మేం గుడ్డ దాచుకుని మా ఒళ్ళు చెడగొట్టుకున్నాం. ప్యాడ్ కాలం వచ్చాక మన దాపరికం ఇంకొకరి చేతికి అంటింది. ఇది నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

ఇప్పుడు కప్పు సంగతి. పెళ్ళైన మా మనవరాలు బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగి ఉద్యోగానికి పోతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు అటు రాళ్ళగుట్టలే ఎక్కువ. ఇప్పుడు మా గల్లీ పిల్లల జీతాలన్నీ అక్కడే. ఆ పిల్ల ఒకరోజు చిన్న డబ్బా తెచ్చి, "అమ్మమ్మా, నువ్వు నర్సువి కదా, ఇది చూడు" అని గుసగుసగా అంది. ఎందుకే గుసగుస, ఇంట్లో ఉన్నది నేనూ తాతయ్యే కదా అన్నాను. మా ఆయన చెయ్యి చాచి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతుర్లో తిప్పి, అంచు పొడుగునా గోరు పెట్టి గీసి, "అచ్చు బాగా కుదిరింది, ఫ్లాష్ లేదు" అన్నాడు. జీవితమంతా డైలు రుద్దిన మనిషి, ఆయనకు కనిపించింది అదే. పిల్ల మొహం ఎర్రబడింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. మగవాళ్ళ కంటపడితే ఏమవుతుందని ఇన్నేళ్ళూ భయపడ్డామో ఆ రోజు చూశాను. ఏమీ కాలేదు.

ఆయన చెప్పిన మాట కొనేవాళ్ళంతా గుర్తుపెట్టుకోవాలి. కప్పును అచ్చులో పోసి చేస్తారు. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట గీత పడుతుంది. ఆ గీత గోటికి తగిలేటంత ఎత్తుగా ఉంటే అదే ఫ్లాష్, అక్కడ మురికి పడుతుంది, లోపల ఒరుసుకుంటుంది. అలాంటిది చవగ్గా వచ్చినా వద్దు. మెడికల్ గ్రేడ్ సిలికాన్ అని డబ్బా మీద ఉండాలి, తయారు చేసినవాళ్ళ చిరునామా ఉండాలి. మా మనవరాలి స్నేహితురాళ్ళు రంగు చూసి, ఆఫర్ చూసి, ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టి కొంటున్నారు. చెప్పు కొన్నా కాలు కొలత చూసుకుంటాం కదమ్మా! లోపల పెట్టుకునేదానికి కొలత అక్కర్లేదా?

ఆ కొలత మీ చేతిలోనే ఉంది. నెలసరి రోజుల్లో చేతులు శుభ్రంగా కడుక్కుని, మధ్యవేలు లోపలికి పెట్టి చూస్తే ముక్కు కొసలాగా గట్టిగా తగిలేది గర్భసంచి మూతి. కొంచెం లోపలికే తగిలితే పొట్టి కప్పు, అందనంత లోపల ఉంటే పొడుగుది. సాధారణంగా 30 ఏళ్ళలోపు వాళ్ళకూ కాన్పు కానివాళ్ళకూ చిన్న సైజు, మామూలు కాన్పు అయినవాళ్ళకు పెద్ద సైజు అంటారు. బలంగా వ్యాయామం చేసే పిల్లలకు కండరం గట్టిగా ఉంటుంది, వాళ్ళకు మరీ మెత్తటి కప్పు సరిగా విచ్చుకోదు. మూత్రసంచి మీద ఒత్తిడి అనిపించేవాళ్ళకు మెత్తనిది మేలు. కింద కాడ గుచ్చుకుంటుంటే కొంచెం కత్తిరించుకోవచ్చు. కప్పు బయట ఉన్నప్పుడు కత్తిరించాలని మళ్ళీ చెప్పాల్సి వస్తోంది.

ఇంత చెబితే, "వేలు పెట్టాలా? ఛీ!" అన్నది ఇంజినీరింగ్ చదివిన పిల్ల. నాకు కోపం రాకేం చేస్తుంది? మా తరానికి చెప్పే దిక్కు లేదు. మూత్రం వచ్చే దారీ, నెత్తురొచ్చే దారీ వేరువేరని నలుగురు పిల్లల తల్లికి నేను కాగితం మీద బొమ్మ గీసి చెప్పిన రోజులున్నాయి. మీ చేతిలో ప్రపంచమంతా ఉంది. సొంత ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి ఛీ ఏమిటి?

ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకునే పెద్దవాళ్ళకూ ఒక మాట. అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి 1937లోనే ఇలాంటి రబ్బరు కప్పుకు పేటెంటు తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు కరువై అది ఆగిపోయింది. ఇప్పుడు మనం చూసే సిలికాన్ కప్పులు 2000 తర్వాత వచ్చినవి. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలనూ, సుమారు 3,300 మంది అనుభవాన్నీ ఒకచోట చేర్చి చూశారు. లీకు కావడం ప్యాడ్లతో సమానంగానో తక్కువగానో ఉందనీ, అలవాటు కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చనీ, వాడి చూసినవాళ్ళలో 70 శాతం దాకా ఇక ముందూ వాడతామన్నారనీ తేలింది. ఆ కొన్ని నెలలే మన పిల్లలు ఓర్చుకోరు. మొదటి నెల ఒకసారి లీకైందని అల్మారాలో పడేసి, పనికిరాదని ఊరంతా చెప్తారు.

పెట్టుకోవడం పెద్ద విద్య కాదు. చేతులు కడుక్కోవాలి, కప్పు తడిపి అంచును సి ఆకారంలో మడవాలి, లేదా అంచులో ఒక పక్కను వేలితో లోపలికి నొక్కి మొగ్గలా చెయ్యాలి. గొంతుక్కూర్చునో, ఒక కాలు స్టూలు మీద పెట్టో, ఒళ్ళు వదులు చేసుకుని నడుము వైపుకు వాలుగా తొయ్యాలి. నిట్టనిలువుగా పైకి తోస్తే నొప్పి పుడుతుంది. లోపల విచ్చుకుందా లేదా అని చుట్టూ వేలు తిప్పి చూసుకోవాలి. తీసేటప్పుడే అసలు జాగ్రత్త. కాడ పట్టుకుని లాగకూడదు. కప్పు లోపల గాలి పట్టి అంటుకుని ఉంటుంది. అడుగు భాగాన్ని రెండు వేళ్ళతో నొక్కితే ఆ పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా అటూ ఇటూ ఊపుతూ తియ్యాలి. రాకపోతే కంగారు వద్దు. అది లోపలెక్కడికీ పోదు, పోవడానికి దారి లేదు. గొంతుక్కూర్చుని, కాన్పప్పుడు ముక్కినట్టు కొంచెం ముక్కితే కిందికి దిగుతుంది.

కాపర్-టీ ఉన్నవాళ్ళను నేను గట్టిగా హెచ్చరిస్తాను. ఎందరికో దగ్గరుండి వేయించిన చేయి నాది. దానికి వేలాడే దారం కప్పుతో పాటు లాగబడితే కాపర్-టీ జారిపోవచ్చు. మీ డాక్టరమ్మను అడిగిన తర్వాతే వాడండి. కాన్పు అయినవాళ్ళు డాక్టరు చూసి సరేననే దాకా ఆగాలి. గర్భసంచి జారినవాళ్ళూ, దురదా తెల్లబట్టా ఉన్నవాళ్ళూ ముందు వైద్యం చేయించుకోవాలి. 12 గంటలకు మించి ఎప్పుడూ లోపల ఉంచకూడదు. వాడుతుండగా ఒక్కసారిగా తీవ్రమైన జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే కప్పు తీసేసి ఆసుపత్రికి పోవాలి. టాక్సిక్ షాక్ అనే ఆ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే ఆగే జబ్బు కాదు.

తల్లులు నన్ను చాటుకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. పెళ్ళికాని పిల్ల వాడొచ్చా అని. కన్నెపొర అన్నది సాగే చర్మపు మడత. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి పుట్టుకతోనే పల్చగా ఉంటుంది, సైకిలు తొక్కినా సాగొచ్చు. దాన్ని చూసి పిల్ల నడత చెప్పగలిగే డాక్టరు ఎక్కడా లేడు. పిల్లకు ఇష్టమైతే, నొప్పి లేకపోతే వాడుకోవచ్చు. ఇష్టం లేకపోతే గుడ్డ ప్యాడ్లున్నాయి, అవీ మంచివే. బలవంతం ఏ వైపు నుంచీ ఉండకూడదు.

కప్పులో నాకు అన్నింటికంటే నచ్చింది దాని మీదున్న గీతలు. నేను పనిచేసిన రోజుల్లో, "బాగా పోతాంది నర్సమ్మా" అంటే ఎంతో నాకు తెలిసేది కాదు. రోజుకు ఎన్ని గుడ్డలు మార్చావని అడిగి అంచనా కట్టేదాన్ని. మామూలుగా నెలసరి మొత్తం మీద పోయే నెత్తురు 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువన్నట్టు. కప్పులో 20 నుంచి 30 పడుతుంది, కనుక ఎంత పోతోందో కళ్ళతో చూసి రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం, అదంతా పని ఒత్తిడేనని సర్దుకుపోవడం. ఆ గీతలు చూసుకుని, ఇంత పోతోంది డాక్టర్ గారూ అని లెక్క చెప్పగలిగితే సగం వైద్యం అక్కడే మొదలవుతుంది. మాకు ఆ లెక్క ఎవరూ ఇవ్వలేదు.

శుభ్రం దగ్గరికొస్తే మళ్ళీ నా పాత గోలే. మొదటిసారి వాడే ముందూ, ప్రతి నెలా నెలసరి అయిపోయాకా ఒక గిన్నెలో కప్పు మునిగేలా నీళ్ళు పోసి 5 నుంచి 10 నిమిషాలు మరిగించాలి. అడుగంటకుండా చూసుకోవాలి, పొయ్యి మీద పెట్టి ఫోన్ పట్టుకుని కూర్చుంటే నీళ్ళు ఇగిరి కప్పు కాలుతుంది. మధ్య రోజుల్లో తీసినప్పుడల్లా మామూలు నీళ్ళతో, వాసన లేని సబ్బుతో కడిగితే చాలు. డెటాల్ వద్దు, బ్లీచింగ్ వద్దు, నూనె వద్దు. ముందు చల్లటి నీళ్ళతో కడిగితే మరక పట్టదు. కప్పులో నీళ్ళు నింపి అరచేత్తో మూసి నొక్కితే అంచు కింద ఉండే సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి. మా బోరు నీళ్ళకు తెల్లటి పొర కడుతుంది, అది సున్నం. ఫిల్టర్ నీళ్ళతో మరిగిస్తే ఆ బాధ ఉండదు. చీలినా, జిగురుగా అనిపించినా పడెయ్యాలి. బాగా చూసుకుంటే 10 ఏళ్ళ దాకా వస్తుందంటారు.

ఆరాక దాన్ని గాలాడే నూలు సంచిలో పెట్టాలి. మా మనవరాలు ఏం చేసిందంటే, తడి ఆరకుండానే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను కవర్లో చుట్టి, బట్టల అడుగున దాచింది. మంచం కింద చెమ్మ గుడ్డ దాచిన మా పొరుగావిడకూ ఈ పిల్లకూ తేడా ఏముంది? ఆవిడకు బడి లేదు, దండెం లేదు, మాటొచ్చే దారి లేదు. ఈ పిల్లకు ఏం తక్కువ? కిటికీ దగ్గర పెట్టి ఆరనివ్వు, అడిగితే ఇదేంటో చెప్పు అన్నాను. "అత్తయ్య ఏమంటుందో" అంది. అత్తయ్యకు నేను చెప్తాను, పద అన్నాను. చెప్పాను కూడా. ఆ అత్తగారు విని, "పిన్నిగారూ, ఇది మా రోజుల్లో ఎందుకు రాలేదండీ" అన్నది. ఆవిడకు పెళ్ళైన కొత్తలో పండగ పూట చీర ఖరాబై, పీటల మీద నుంచి లేవలేక కూర్చున్న సంగతి అప్పుడు చెప్పింది. కోడలు ఆ మాట వినడం అదే మొదలు.

కేరళవాళ్ళు ఈ దాపరికాన్ని ఊరుమ్మడిగా వదిలించుకుంటున్నారు. 2018 వరదల్లో శిబిరాల్లో వాడిన ప్యాడ్లు ఎక్కడ వెయ్యాలో తెలియక అవస్థ పడ్డాక, 2019లో అలప్పుళలో హెచ్ఎల్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ తింకళ్ అనే పేరుతో కప్పులు పంచింది. 2022 జనవరిలో కుంబళంగి అనే చిన్న పంచాయతీ, ఇకపై మా ఊళ్ళో ప్యాడ్లు వాడమని ప్రకటించుకుంది. కప్పు చేతిలో పెట్టి వదిలెయ్యకుండా ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పారు. మన దగ్గర ఒక్కో బస్తీలో మహిళా సంఘాలున్నాయి, ఆశాలున్నారు, బస్తీ దవాఖానాలున్నాయి. నేర్పమంటే నేర్పగలిగిన చేతులు అవి. ఆ పని వాళ్ళకెవరూ అప్పజెప్పడం లేదు.

ఈ కప్పు ఎవరికి ఎక్కువ అవసరమో కూడా నన్ను చెప్పనివ్వండి. హైటెక్ సిటీ ఆఫీసులో ప్రతి అంతస్తులో బాత్రూముంటుంది, పేపరుంటుంది, చేతులు ఆరబెట్టే మిషను ఉంటుంది. అక్కడి పిల్ల గంటకోసారి ప్యాడ్ మార్చుకున్నా అడిగేవాళ్ళుండరు. బాలానగర్ షెడ్డులో నిలబడి ప్యాకింగ్ చేసే ఆమెకు షిఫ్టు మొత్తంలో బయటికి పోనిచ్చేదే తక్కువ. పోయినా మగవాళ్ళు వాడే దొడ్డే ఆమెదీ. ప్యాడ్లకు నెలకు నూరు నూటయాభై రూపాయలు పెట్టే శక్తి లేక ఒకే ప్యాడ్ రోజంతా ఉంచుకుంటుంది. పొద్దున ఇంట్లో పెట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చి తీసుకునే కప్పు ఆమె కోసం పుట్టినట్టుంది. మూడు నాలుగు వందల రూపాయలు ఒక్కసారి తియ్యలేకపోవడం ఒకటే అడ్డు. కంపెనీ ఇచ్చే దసరా స్వీటు డబ్బాకు అంతే అవుతుంది.

ఈ మధ్య అలాంటి ఇద్దరు ముగ్గురికి నేర్పాను. వాళ్ళలో ఒకామె అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. "ఎప్పుడన్న ఎక్కువైతే షెడ్డులనే తీసి కడుక్కోవాల్నాయె. నల్లా బయట ఉంటది, లోపల తలుపు సరిగ పడది. ఎట్ల నర్సమ్మా?" అంది. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వచ్చింది. ఆడవాళ్ళకు విడిగా మరుగుదొడ్లుండాలనీ, కడుక్కునే ఏర్పాటుండాలనీ అందులో రాశారు. చిన్న షెడ్లు చాలావరకు దాని కిందికి రాలేదు. వచ్చినవాటిలోనూ అడిగే నాథుడు లేకపోయాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇదే మాట రాసిచ్చాను, రిటైరయ్యే ముందూ రాసిచ్చాను.

మొన్న ఆమెను వెంటబెట్టుకుని ఆ షెడ్డుకు నేనే వెళ్ళాను. ఓనరు మా ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు యాభై దాటినవాడు. "ఏం కావాలి అమ్మా" అన్నాడు. దొడ్డి లోపలికి ఒక పైపు, ఒక నల్లా, తలుపుకు ఒక గడియ, ఒక బకెట్టు, ఒక మగ్గు, మూతున్న చెత్తబుట్ట అన్నాను. ఎందుకని అడిగాడు. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు నెలసరి వస్తుంది, అందుకని గట్టిగానే చెప్పాను. మిషన్ల దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూశారు. చూడనీ. పైపు వచ్చే వారం వేయిస్తానన్నాడు. గడియకు వారం ఎందుకు, ఎదురుగా వెల్డింగ్ షాపుంది కదా అని నేను అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు గడియ పడింది.